జడ వేసుకునే రోజు కోసం...

‘జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే’ అంటారు పెద్దలు. మరి మగపిల్లాడిగా పుట్టి, పెరిగి, లోపల ఉన్నది అమ్మాయేనని తెలుసుకుని, ఆ మాట ఇంట్లో చెప్పే ధైర్యం కూడగట్టుకునేసరికి ఏ ముప్ఫయ్యేళ్లో వచ్చేస్తే? అప్పటికే నుదురు పైకి జరిగి, నడినెత్తిన జుట్టు పల్చబడిపోతే?

మగవాడికి బట్టతల వస్తే స్నేహితులు నాలుగు జోకులేస్తారు. తనూ నవ్వేస్తాడు. టోపీ పెట్టుకుంటాడు, లేదంటే గుండు చేయించుకుని హాయిగా తిరుగుతాడు. ట్రాన్స్ మహిళ పరిస్థితి అది కాదు. చీర కట్టుకున్నా, బొట్టు పెట్టుకున్నా, గొంతు మార్చుకున్నా బస్సులో ఎదుటి సీటు మనిషి కళ్లు ముందు వెళ్లేది తల మీదికే. ‘ఆడా, మగా’ అన్న తీర్పు అక్కడే అయిపోతుంది. ఆ తీర్పు వెంట కొన్నిసార్లు ఈల వస్తుంది. కొన్నిసార్లు అద్దె ఇల్లు చేజారుతుంది. అందుకే జుట్టు ఊడటం వాళ్లకు అందానికి సంబంధించిన బెంగ మాత్రమే కాదు, వీధిలోకి క్షేమంగా వెళ్లి రావడానికి సంబంధించిన సంగతి కూడా.

అక్కడ ఊడుతుంది... ఇక్కడ మొలుస్తుంది!

దీనంతటికీ మూలం ఒక్కటే... డీహెచ్‌టీ. వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను, శరీరంలోని ఓ ఎంజైము వల్ల ఇంకా శక్తిమంతమైన ఈ డీహెచ్‌టీగా మారుతుంది. వంశపారంపర్యంగా ఆ గుణం ఉన్నవాళ్లలో ఇది నెత్తిమీది కుదుళ్లను ఏటికేడాది కుదించేస్తుంది. లావుపాటి వెంట్రుక నూగుగా మారి, చివరికి అదీ రాలిపోతుంది. విచిత్రమేమిటంటే, నెత్తిన జుట్టును ఊడగొట్టే ఆ హార్మోనే గడ్డాన్ని గుబురుగా పెంచుతుంది. కావాల్సిన చోట పోతుంది, వద్దన్న చోట వస్తుంది. ఇంతకు మించిన అన్యాయం ఏముంటుంది!

బట్టతలకూ పురుష హార్మోనుకూ సంబంధం ఉందన్న అనుమానం ఈనాటిది కాదు. నపుంసకులకు బట్టతల రాదని గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరుమీద ఉన్న గ్రంథాల్లోనే ఉంది. దాన్ని శాస్త్రీయంగా నిరూపించింది మాత్రం అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్. యుక్తవయసుకు ముందే వృషణాలు పోయినవారికి బట్టతల రాలేదనీ, వాళ్లకు టెస్టోస్టెరాన్ ఇస్తే కుటుంబంలో ఆ లక్షణం ఉన్నవాళ్లకు జుట్టు ఊడటం మొదలైందనీ 1942లో ఆయన ప్రకటించాడు. హార్మోను ఇవ్వడం ఆపేస్తే ఊడటం ఆగింది. కానీ పోయిన జుట్టు తిరిగి రాలేదు!

ఈ చివరి వాక్యమే ఇవాళ్టికీ ట్రాన్స్ మహిళలకు అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం. హార్మోన్ల చికిత్స మొదలుపెట్టగానే జుట్టంతా నల్లగా, ఒత్తుగా దిగుతుందన్న ఆశ చాలామందికి ఉంటుంది. ఈస్ట్రోజెన్, దానితోపాటు పురుష హార్మోనును అణచే స్పైరనోలాక్టోన్ లాంటి మందు వాడితే ఊడటం ఆగుతుంది, లేదా బాగా తగ్గుతుంది. ఈ మధ్యకాలంలో నూగుగా మారిన వెంట్రుకలు కొన్ని మళ్లీ లావెక్కుతాయి. ఏళ్ల క్రితమే నున్నబడిన కణతల దగ్గర మాత్రం అద్భుతాలు జరగవు. గడ్డం సంగతి కూడా అంతే. ఒకసారి ముదిరిన గడ్డం మందులతో కాస్త మెత్తబడవచ్చేమోగానీ పోదు. దానికి లేజరో, ఎలక్ట్రోలిసిసో కావాలి. వెంట్రుక నెరిస్తే లేజరూ పనిచేయదు.

మేనమామకు బట్టతల ఉంటే మేనల్లుడికీ వస్తుందని మన ఇళ్లలో అనే మాటలో కొంత నిజం ఉంది. ఈ హార్మోనుకు కుదుళ్లు ఎలా స్పందించాలో నిర్ణయించే ఒక జన్యువు తల్లి ఇచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అయితే అదొక్కటే కాదు, తండ్రి వైపు నుంచీ చాలా వస్తాయి.

రెట్టింపు మాత్రలు... రెట్టింపు ప్రమాదం

అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే భయం. వెళ్తే ఏమడుగుతారో, ఎలా చూస్తారో! దాంతో మన దగ్గరే కాదు, దేశమంతటా ఎంతోమంది మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని మింగుతుంటారు. అందులో ఉన్నది ఆడ హార్మోనే కదా అన్నది లెక్క. నెల తిరిగినా జుట్టు రాకపోతే రెండు, మూడు... అలా పెంచుకుంటూ పోతారు.

ఆ మాత్రల్లో ఉండే ఈథినైల్ ఈస్ట్రడయోల్ మోతాదు మించితే కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. పొగతాగే అలవాటుంటే మరీనూ. పైగా ఎన్ని మింగినా నున్నబడిన చోట కుదుళ్లు లేచి కూర్చోవు. స్పైరనోలాక్టోన్‌నూ సొంతంగా వాడకూడదు. అది మొదట బీపీకి, ఒంట్లో నీరు తగ్గడానికి వాడిన మందు. రక్తంలో పొటాషియం పెరుగుతుందేమో పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఎండోక్రినాలజిస్టును కలిస్తే రక్తపరీక్షలు చూసి, చర్మానికి అంటించే పట్టీయో జెల్లో మాత్రో, ఎవరికేది తగునో అది రాస్తారు. చికిత్స మధ్యలో ఆపడం మరో ఇబ్బంది. వృషణాలు తొలగించే ఆపరేషన్ కాకముందు మందు మానేస్తే టెస్టోస్టెరాన్ మళ్లీ పైకి లేస్తుంది, జుట్టు మళ్లీ రాలుతుంది.

డబ్బుల్లేకపోయినా, ఆసుపత్రి మూతపడినా జరిగేది అదే. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన ‘మిత్ర్’ క్లినిక్ అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్ట్స్ సాయంతో ‘సబ్‌రంగ్’ పేరిట మళ్లీ తెరుచుకుంది. క్లినిక్ మూతపడితే మందూ సలహా రెండూ ఒకే చోట దొరికేవాళ్లకు రెండూ ఆగిపోతాయి. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగాల్లో చేరినప్పుడు అంత పెద్ద వార్త అవడానికి కారణం కూడా ఇలాంటి భయాలే. తెల్లకోటు వెనక తనను అర్థం చేసుకునే మనిషి ఉంటే అడగాల్సింది అడగగలుగుతారు.

బీపీ మందు చేసిన మాయ

ఇక చర్మ వైద్యులు రాసే మందులు. మినాక్సిడిల్ కథ తమాషాగా ఉంటుంది. అది కూడా బీపీ మందే. వాడినవాళ్లకు ఒంటినిండా వెంట్రుకలు మొలుస్తుంటే కంపెనీవాళ్లు దాన్ని తలకు రాసే ద్రవంగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. రాయడం మొదలుపెట్టిన తొలి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. చాలామంది అక్కడే భయపడి సీసా పారేస్తారు. అది పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటివ్వడమేనని తెలిస్తే ఆగుతారు. ఫలితం తెలియడానికి కనీసం నాలుగైదు నెలలు పడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లోనే వచ్చింది వచ్చినట్టే పోతుంది. ట్రాన్స్ మహిళలు గమనించాల్సింది ఇంకోటుంది. ఈ మందు ముఖం మీదికి కారినా, మాత్రగా మింగినా ముఖం మీద కూడా వెంట్రుకలు మొలవొచ్చు. వేలకు వేలు పోసి లేజరు చేయించుకున్న బుగ్గ మీద మళ్లీ నూగు వస్తే ఎలా ఉంటుంది? (ఇంట్లో పిల్లి ఉంటే సీసా దానికి అందకుండా ఉంచాలి, మందు రాసిన తలనూ నాకనివ్వకూడదు. పిల్లులకు అది విషం.)

ఫినాస్టెరైడ్ పుట్టుక మరీ చిత్రం. డొమినికన్ రిపబ్లిక్‌లోని ఓ పల్లెలో కొందరు పిల్లలు ఆడపిల్లల్లా పుట్టి యుక్తవయసులో మగలక్షణాలు సంతరించుకునేవారు. వాళ్ల ఒంట్లో డీహెచ్‌టీని తయారుచేసే ఎంజైము సరిగా పనిచేయడం లేదని 1974లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. పెద్దయ్యాక వాళ్లకు బట్టతల రాకపోవడమూ గమనించారు. ఆ ఎంజైమునే అడ్డుకునే మందు తయారైంది. 1997లో బట్టతలకు దానికి అమెరికాలో అనుమతి దొరికింది. ఇప్పటికే హార్మోన్ల చికిత్సలో టెస్టోస్టెరాన్ బాగా తగ్గినవారికి దీనివల్ల అదనపు లాభం పెద్దగా ఉండకపోవచ్చు. హార్మోన్లు ఇంకా మొదలుపెట్టనివాళ్లకు, మొదలుపెట్టాలో లేదో తేల్చుకోలేని వాళ్లకు ఉన్న జుట్టును నిలుపుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. ఎవరికి అవసరమో డాక్టరే చెప్పాలి.

ఆపరేషన్ అయిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లకొద్దీ జుట్టు రావడం కూడా కొందరిని హడలగొడుతుంది. పెద్ద శస్త్రచికిత్స, తీవ్ర జ్వరం, రక్తహీనత, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం... వీటిలో ఏది జరిగినా కొంతకాలానికి ఇలా రాలుతుంది. బాలింతలకు ఊడటమూ ఇలాంటిదే. కారణం తొలగితే కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుంటే మంచిది.

నాటుకోవడానికీ వేళ ఉంది

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ప్రకటనలు చూసి పరిగెత్తేవాళ్లు ఒక్క ఏడాది ఆగడం మేలు. హార్మోన్లతో ఎంత జుట్టు నిలుస్తుందో, ఎంత తిరిగొస్తుందో తేలాకే నాటాల్సిన చోటు తెలుస్తుంది. తల వెనకభాగంలోని కుదుళ్లు డీహెచ్‌టీకి లొంగవు, ముందుకు తెచ్చి నాటినా ఆ గుణం మార్చుకోవు. ఈ చికిత్సకు ఆధారం అదే. కానీ వెనకభాగం బ్యాంకు ఖాతా లాంటిది. అందులో ఉన్నవి కొన్ని వేల కుదుళ్లే, తీసినవి తిరిగి జమకావు.

డాక్టరుతో ముందే మాట్లాడుకోవాల్సింది నుదుటి గీత గురించి. మగవాళ్లకు కణతల దగ్గర జుట్టు లోపలికి వెళ్లి ఆంగ్ల అక్షరం ‘ఎం’లా కనిపిస్తుంది. ఆడవాళ్లకు గీత కిందికి, గుండ్రంగా ఉంటుంది. అలవాటు కొద్దీ మగ నుదురు గీసి నాటేస్తే అంత ఖర్చూ వృథా. నాటిన వెంట్రుకలు మొదటి నెలలోనే రాలిపోతాయి, మూడు నాలుగు నెలలకు మొలకెత్తుతాయి, పూర్తి రూపం రావడానికి ఏడాది. శిక్షణ లేనివాళ్లు ఇలాంటి ఆపరేషన్లు చేయకూడదంటూ జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. చేసేది ఎవరో అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

సవరానికి సిగ్గెందుకు?

మన అమ్మమ్మల ట్రంకుపెట్టెల్లో చీరల అడుగున సవరం ఉండేది. జడ పొడుగ్గా కనిపించాలని పెళ్లికూతురికీ పెట్టేవాళ్లు. ‘చిక్కు జుట్టుకు స్టీలు సామాన్లు’ అంటూ వీధుల్లో తిరిగేవాళ్లకు దువ్వెనకు చిక్కిన ఉండలన్నీ దాచి ఇచ్చేవాళ్లు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను వేలం వేస్తే దేవస్థానానికి ఏటా వంద కోట్ల రూపాయలకు పైగా వస్తోంది. ఆ జుట్టు విగ్గులై ప్రపంచమంతా తిరుగుతోంది. అంత జుట్టు వ్యాపారం మన గుమ్మంలో జరుగుతుంటే, విగ్గు పెట్టుకున్న ట్రాన్స్ మహిళను చూసి నవ్వడం ఎందుకో!

కూచిపూడి భామాకలాపంలో సత్యభామకు జడే ప్రాణం. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ పాత్రలో వేదికెక్కితే జనం కళ్లార్పేవారు కాదు. ప్రదర్శన అయ్యాక ఆ జడ పెట్టెలోకి వెళ్లేది. ట్రాన్స్ మహిళ విగ్గు అలాంటిది కాదు, అది ఆమె పొద్దున లేచింది మొదలు ఉండే రూపం. అందుకే అది జారుతుందేమోనన్న భయం ఆటోలోనూ, ఫ్యానుకిందా, హెల్మెట్ తీసేటప్పుడూ వెంటాడుతుంది.

హిజ్రా సమాజంలో పొడుగు జుట్టుకు ఎంతో గౌరవం. కట్టుబాటు తప్పినవారికి జుట్టు కత్తిరించడాన్ని అక్కడ ఘోరమైన అవమానంగా చూస్తారు. కుటుంబాల్లోనూ తెలియక చేసే మొదటి తప్పు అదే. కొడుకు జుట్టు పెంచుతున్నాడని పట్టుకెళ్లి మంగలి ముందు కూర్చోబెడతారు. దారిలో పెట్టామనుకుంటారు తండ్రులు. అసలే రాలిపోతున్న జుట్టును ఏళ్ల తరబడి లెక్కపెట్టుకుంటూ కాపాడుకుంటున్న బిడ్డకు అది ఎంత దెబ్బో వాళ్లకు తట్టదు. ‘బట్టతలకు జడొకటా’ అన్న అత్తయ్య వేళాకోళం కూడా తక్కువేం కాదు. మార్చడానికి ప్రయత్నించకుండా తలకు నూనె రాసే అమ్మ ఒక్కతి ఉన్నా ఆ ఇంట్లో ఆ పిల్ల నిలదొక్కుకుంటుంది.

విగ్గుల్లో సింథటిక్‌వి చవక, రోజూ వాడితే కొన్ని నెలలకే చిక్కుపడి పాడవుతాయి. వేడి తగిలితే కాలిపోతాయి కాబట్టి ఇస్త్రీ యంత్రాల్లాంటివి వాడకూడదు. నిజం వెంట్రుకలవి వేలల్లో ఉంటాయి, మంచివి లక్ష దాకా వెళ్తాయి, జాగ్రత్తగా చూసుకుంటే ఏడాదికి పైగా వస్తాయి. నడినెత్తిన మాత్రమే పల్చబడితే పూర్తి విగ్గు అక్కర్లేదు, క్లిప్పులతో పెట్టుకునే చిన్న ‘టాపర్’ చాలు. ఆ క్లిప్పులు రోజూ ఒకేచోట బిగిస్తే మాత్రం ఉన్న నాలుగు వెంట్రుకలూ కుదుళ్లతో సహా లేచొస్తాయి. బరువైన సవరాలూ, బిగుతు జడలూ చేసే నష్టం ఇదే. విజయవాడ ఎండల్లో విగ్గు కింద పల్చటి నూలు టోపీ ఉండాలి, ఇంటికి రాగానే తీసి తలకు గాలి తగలనివ్వాలి. జిగురు వాడేవాళ్లు ముందు చెవి వెనక చిన్నచుక్క పెట్టి ఒకరోజు చూడాలి, దద్దురు రాకపోతేనే తలకు.

ఇక మల్లెపూలు. విగ్గు వెంట్రుకలకు పూలదండ గుచ్చితే బరువుకు కుచ్చు మొత్తం కిందికి జారుతుంది. పిన్నును లోపలి జాలీదాకా పోనిచ్చి, దండను రెండువైపులా పట్టేలా పెట్టాలి. మూరెడు పూలకు నాలుగు పిన్నులు. తీసేటప్పుడు ముందు పూలు, తర్వాత విగ్గు. తడి పూలతో రాత్రంతా వదిలేస్తే జాలీ వాసనొస్తుంది.