బుల్లి కార్ల సరదా.. కిటికీ తెరిచే కూర్చోండి

తలనొప్పితో ఓపీకి వచ్చేవారిని మేం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఎప్పటి నుంచి? ఒక పక్కనా, రెండు పక్కలా? వాంతులున్నాయా? చూపు మసకబారుతోందా? కిందటి చలికాలం కరీంనగర్‌లో నా దగ్గరికి వచ్చిన ఓ నలభయ్యారేళ్ల ఉద్యోగి జవాబుల్లో భయపడాల్సింది ఏమీ కనిపించలేదు. బీపీ మామూలుగా ఉంది. షుగర్ లేదు. కంటి పరీక్షా బాగుంది. నొప్పి రాత్రి పదింటికి మొదలై, పొద్దున లేచేసరికి పోతుంది. కొన్ని రోజులు అసలు రాదు. ‘రాత్రి తిన్నాక ఏం చేస్తుంటారు?’ అని అడిగితే కొంచెం మొహమాటపడ్డారు.

‘కార్లు చేస్తుంట సార్’ అన్నారు.

ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసే బుల్లి కార్ల కిట్లు. రంగులేసి అద్దాల బీరువాలో పెట్టుకుంటారట. జిగురు, రంగు పని పెట్టుకున్న రాత్రులే తలనొప్పి. పిల్లలకు వాసన పోవద్దని గది తలుపు, కిటికీ మూసుకుని కూర్చుంటారు. పిల్లలకు పోకూడదనుకున్న వాసనంతా ఆయనొక్కరే పీల్చుకుంటున్నారన్నమాట. మాత్రలేం రాయలేదు. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోమన్నాను. సరదా మానుకోమని మాత్రం అనలేదు. అది మానుకోవాల్సిన సరదా కాదు.

మనకు కొత్తేమీ కాదు

ఈ కిట్ల సంగతి తెలియనివారికి రెండు మాటలు. జపాన్ టమియా, రెవెల్ లాంటి కంపెనీల పెట్టెల్లో కారు భాగాలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. ఒక్కోటి కత్తిరించి, అంచులు అరగదీసి, జిగురుతో అతికించి, ప్రైమర్ పూసి, రంగు వేయాలి. ఎక్కువగా కనిపించే కొలత 1:24. అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు. మన పాత అంబాసిడర్‌ను ఆ కొలతలో చేస్తే 18 సెంటీమీటర్లు ఉంటుంది. అతికించే ఓపిక లేనివారు తయారైన లోహపు కార్లు కొని దాచుకుంటారు. హాట్‌వీల్స్ వంటివి 1:64 కొలతవి, అరచేతిలో పట్టేస్తాయి.

పేర్లు విదేశీవే గానీ పని వరుస మన నిర్మల్‌లో ఎప్పటి నుంచో ఉన్నదే. అక్కడి నకాషీ కళాకారులు తేలికైన పొనికి కర్రతో బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతికిస్తారు. ఆరాక నునుపు చేసి, పూత పూసి, ఆపైన రంగులేస్తారు. భాగాలు, అతుకు, నునుపు, పూత, రంగు.. పెట్టెలోంచి తీసే ప్లాస్టిక్ కారుకూ ఇదే క్రమం. ఇక మా తరం పిల్లలకైతే ఎండాకాలం ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయలే చక్రాలు. జొన్న బెండుకు ముళ్లు గుచ్చి ఎడ్లబండి చేసినవాళ్లు ఉమ్మడి ఆదిలాబాద్ ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. ఆ బెండుకు జిగురు అక్కర్లేదు, థిన్నర్ అంతకన్నా అక్కర్లేదు. తేడా అంతా అక్కడే వచ్చింది.

మెదడుకు మేలు ఎంత?

అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు డెబ్భై ఏళ్లు దాటినవారిని సగటున నాలుగేళ్లు గమనించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. చేతిపనులు, ఆటలు, నలుగురితో కలవడం వంటి అలవాట్లున్నవారిలో జ్ఞాపకశక్తి తగ్గే సమస్య తక్కువగా కనిపించింది. దీన్ని చూసి ‘కారు కిట్ కడితే మతిమరుపు రాదు’ అనడం తొందరపాటే. మెదడు బాగున్నవాళ్లే ఇలాంటి పనులు పెట్టుకుంటారని కూడా వాదించొచ్చు. అయినా పక్షవాతం వచ్చిన చేతికి తిరిగి పని నేర్పేటప్పుడు చిన్న వస్తువులు పట్టించడం, పేర్చించడం, బిగించడం చేయిస్తారు. వేళ్లు, కళ్లు, బుద్ధి ఒకే చోట నిలవాల్సిన పని ఇది.

నాకు కనిపించే మేలు ఇంకొకటుంది. రిటైరైన మగవాళ్లకు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది చాలా బరువైన సమయం. టీవీ, ఫోను, లేదంటే సీసా. ఆ మూడు గంటలను ఒక బుల్లి కారు నింపితే ఏ డాక్టరూ కాదనడు. ఒక్క షరతు.. పొద్దుటి నడకను ఇది మింగేయకూడదు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే షుగర్ అదుపు తప్పుతుంది. కారు ఎంత అందంగా వచ్చినా సరే.

బల్ల దగ్గరే బయటపడే జబ్బులు

సన్నని పని చేసేవాళ్లకు తమ శరీరంలో మార్పు మిగతావాళ్ల కన్నా ముందే తెలుస్తుంది. ఈ సంగతిని ఎవరూ పట్టించుకోరు. నలభై దాటాక చిన్న ముక్కను చేయి చాచి దూరంగా పట్టుకుని చూస్తున్నారంటే చత్వారం. దానికి అద్దాలు చాలు. రోడ్డు పక్కన వంద రూపాయలకు దొరికేవి కాకుండా రెండు కళ్లూ విడివిడిగా పరీక్ష చేయించుకుని తీసుకోండి. మంచి లైటు కింద కూడా మసకగానే ఉంటే మోతిబిందు కావొచ్చు.

ముక్క చేతిలోంచి జారుతోందా? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో చేయి విదిలించాల్సి వస్తోందా? మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతుండొచ్చు. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఇక వణుకు. బ్రష్ పట్టుకుని పనిచేస్తున్నప్పుడు రెండు చేతులూ వణకడం ఒక రకం. చాలాసార్లు అది కుటుంబాల్లో వచ్చేది, ప్రాణానికి ముప్పు లేనిది. చేయి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు, ముఖ్యంగా ఒక పక్కనే వణుకుతుంటే, నడకా రాతా కుంచించుకుపోతుంటే పార్కిన్సన్స్ అనుమానించాలి. ‘వయసు మీద పడ్డది’ అని కిట్లు అటక మీద పెట్టేసే ముందు ఒకసారి మాకు చూపించండి.

మెడ గురించి ఎక్కువ చెప్పను. అయిదు కిలోల తలను గంటల తరబడి వంచి ఉంచితే మెడ ఊరుకోదు. మీరు వంగడం కాదు, పనినే పైకి లేపాలి. బల్ల మీద పీట వేసి దానిపై చేసుకోండి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూస్తే కంటి కండరాలకూ విశ్రాంతి.

అసలు సమస్య వాసన

ప్లాస్టిక్‌ను అతికించే జిగుర్లు చాలావరకు ఫెవికాల్ లాంటివి కావు. అవి ప్లాస్టిక్ అంచులను కరిగించి కలిపేస్తాయి. కరిగించే ఆ ద్రవాలే అసిటోన్, బ్యుటైల్ అసిటేట్, కొన్నిట్లో టోలీన్. ఎనామిల్, లాకర్ రంగుల్లో, థిన్నర్లలో కూడా ఇలాంటివే. అవి ఆవిరై ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, నిమిషాల్లో మెదడుకు చేరతాయి. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు. బయటికి వస్తే తగ్గిపోతాయి కాబట్టి అలసట అనుకుంటాం. టోలీన్‌ను ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో పీల్చితే జ్ఞాపకశక్తి, నడకలో తూకం దెబ్బతింటాయి. గర్భిణులు ఆ గదిలోకే వెళ్లకూడదు.

ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. పది డిగ్రీల కిందికి పడిపోయే రాత్రుల్లో కిటికీ ఎవరు తెరుస్తారు? రామగుండం వైపు ఎండాకాలంలో ఏసీ కోసం మళ్లీ తలుపులు బిగిస్తారు. ఏసీ చాలావరకు గదిలో గాలినే తిప్పుతుంది, సీలింగ్ ఫ్యానూ అంతే. వాసన బయటికి పోవాలంటే ఒక పక్క నుంచి గాలి లోపలికి రావాలి, ఇంకో పక్క నుంచి ఫ్యాన్ బయటికి లాగాలి. చలి ఎక్కువుంటే ఆ రాత్రి కత్తిరించడం, అరగదీయడం పెట్టుకుని, రంగు పని ఆదివారం మధ్యాహ్నం వరండాలో చేసుకోండి.

మాస్కు ఉందిగా అంటారు. కరోనా నాటి ఎన్95 మాస్కు దుమ్మును, తుంపరలను ఆపుతుంది గానీ ఆవిరిని ఆపలేదు. దానికి బొగ్గు పొర ఉన్న కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. వీలైతే నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులకు మారడం ఇంకా తేలిక. ఈ ఆవిర్లు గాలి కన్నా బరువు, నేల దగ్గర పేరుకుంటాయి. చాలా ఇళ్లలో బల్ల కిందే దోమల చుట్ట వెలుగుతూ ఉంటుంది. థిన్నర్ మూత తీసే ముందు దాన్ని ఆర్పేయండి.

సింగరేణి గనుల్లో పనిచేసి రిటైరైనవారు, గ్రానైట్ క్వారీల్లో, రైస్‌మిల్లుల్లో దుమ్ము పీల్చినవారు, ఆస్తమా ఉన్నవారు స్ప్రే జోలికి అసలు పోవద్దు. బ్రష్షు చాలు. ప్లాస్టిక్‌ను, ముఖ్యంగా రెజిన్ ముక్కలను పొడిగా కాకుండా నీళ్లు తడిపి రుద్దితే దుమ్ము లేవదు. కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షాపుల నుంచి హార్డెనర్ కలిపే క్లియర్ కోట్ తెచ్చుకునేవారున్నారు. మెరుపు బాగుంటుంది, నిజమే. అందులోని ఐసోసయనేట్లు ఆరోగ్యవంతుడికి కూడా కొత్తగా ఆస్తమా తెప్పించగలవు. ఇంట్లో అది వద్దు.

ఆ షాపుల రంగులతో మరో చిక్కు సీసం. ఇంటి గోడలకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90కి మించకూడదన్న కేంద్ర నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. పరిశ్రమలకు వాడే రంగులు ఆ నిబంధన కిందికి రావు. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పిల్లల మెదడుకు సీసం ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదు. పాత బొమ్మ కార్లు సంతలో కొని రంగు గీకి కొత్త రంగు వేయడం కొందరికి ఇష్టం. ఆ పొట్టు ఇంట్లో రాలకూడదు. చేతులు కడుక్కోకుండా పిల్లలను ఎత్తుకోవద్దు, బల్ల దగ్గర చాయ్ తాగొద్దు.

సూపర్ గ్లూ కంట్లో పడి వచ్చేవారూ ఉంటారు. రెప్పలు అతుక్కుంటే లాగొద్దు, థిన్నర్ అసలే వేయొద్దు. పదిహేను నిమిషాలు శుభ్రమైన నీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి రావాలి. వేళ్లు అతుక్కుంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. దూది, నూలు బట్ట మీద ఎక్కువగా ఒలికితే ఆ గ్లూ ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది. దూదితో తుడవొద్దనేది అందుకే.

ఇంట్లో పిల్లలుంటే

పదో తరగతి పిల్లవాడు కిట్ అడిగితే సంతోషంగా కొనివ్వండి, పక్కన కూర్చుని చేయించండి. జిగురు, థిన్నర్ మాత్రం లెక్కగా మీ దగ్గరే ఉండాలి. పంక్చర్ సొల్యూషన్, థిన్నర్ పీల్చి మత్తుకు అలవాటుపడ్డ పిల్లలను మా ఊళ్ల ఆసుపత్రులకూ తీసుకొస్తున్నారు. బట్టలకు రసాయనం వాసన, మూతి చుట్టూ పుండ్లు, కారణం లేని మగత, చదువులో వెనకబాటు కనిపిస్తే గమనించాలి. కావాలని గాఢంగా పీల్చితే మొదటిసారే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. ‘ఒక్కసారే కదా’ అనే మాటకు ఇక్కడ చోటు లేదు. కొట్టకుండా, బడిలో పరువు పోతుందని దాచకుండా మానసిక వైద్యుడికి చూపించండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలో చేసినా తెలుగులోనే మాట్లాడొచ్చు.

మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో కిట్ ముక్కలు నేల మీద ఉండకూడదు. అన్నిటికన్నా నాకు భయం లైట్లు వెలిగే బొమ్మ కార్లలోని బటన్ బ్యాటరీలతో. పిల్లలు మింగిన బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు. మొదట్లో పిల్లవాడు ఆడుకుంటూనే ఉండొచ్చు. చొంగ కారడం, అన్నం వద్దనడం, దగ్గు మాత్రమే కనిపించొచ్చు. మింగాడన్న అనుమానం చాలు, బ్యాటరీ దొరికేదాకా ఇల్లంతా వెతకొద్దు. వాంతి చేయించొద్దు, అన్నం ముద్దలు, అరటిపండు పెట్టొద్దు. ఏడాది దాటి, బాగానే మింగగలుగుతున్న పిల్లలకు దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపువారికి తేనె వద్దు. అలాంటిదే ఇంకో బ్యాటరీ గానీ, దాని అట్ట గానీ ఉంటే వెంట తెచ్చుకోండి. 108కు ఫోన్ చేసి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికే నేరుగా బయల్దేరండి. ఇంట్లో తేనె లేకపోతే దాని కోసం దుకాణం దగ్గర ఆగొద్దు.