ఎర్రబడ్డ పండే కొయ్యాలి

మా ఆడపడుచు కొడుకు బెంగళూరు నుంచి వస్తూ కాఫీ పొడి డబ్బా ఒకటి తెచ్చాడు. దాని మీద 'అరకు' అని ఉంది. "విశాఖపట్నంలో కూర్చుని, నూటపదిహేను కిలోమీటర్ల దూరంలో పండే కాఫీ బెంగళూరు నుంచి తెప్పించుకుంటున్నామన్నమాట!" అని నవ్వాను. ధర చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

"కొండ ఎత్తుకి కడుతున్న ధర అది అత్తయ్యా. అర్జెంటీనాలో ద్రాక్షసారా కూడా ఇంతే. తోట ఎంత ఎత్తునుంటే సీసాకి అంత పేరు" అన్నాడు. ఉద్యోగాలొచ్చాక పిల్లలు ఏవేవో చెప్తారని కొట్టిపారేయబోయాను. కానీ నిజమేనట. ఆండీస్ కొండల దగ్గర సాల్టా ప్రాంతంలో కొలోమే అని 1831 నాటి పాత ద్రాక్షతోట ఉంది. వాళ్ల తోటల్లో ఒకటి 3,000 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. పగలు ఎండ, రాత్రి వణికించే చలి. ఆ చలికి పండు తొందరపడదు. నెమ్మదిగా పండుతుంది కాబట్టే రుచి చిక్కబడుతుంది.

మన అరకు అంత ఎత్తేం కాదు, 900 నుంచి 1,100 మీటర్లు. అరబికా కాఫీకి అది చాలు. సూత్రం మాత్రం అదే. అయితే ఎత్తు ఒక్కటే రుచినిస్తుందా అంటే, కాదని కిందటి చలికాలంలో వెళ్లి చూశాకే తెలిసింది.

పొద్దున్నే కిరండోల్ బండెక్కి, సొరంగాలన్నీ దాటి అరకులో దిగాం. అక్కణ్ణించి ఆటో, ఆ పైన నడక. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల పాదులు, వాటి నీడన మనిషి ఎత్తు కాఫీ మొక్కలు. కాఫీ తోట అంటే సినిమాల్లో చూపించే ఎస్టేటు, దొరగారి బంగళా అనుకుంటాం కదా! ఇక్కడ అలాంటివేం లేవు. ఒక్కో కుటుంబానికి ఎకరమో, రెండెకరాలో. అలాంటి చిన్న చిన్న ముక్కలన్నీ కలిసి ఏజెన్సీలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. ఒకప్పుడు పోడు కొట్టిన వాలులే చాలా చోట్ల ఇప్పుడు కాఫీ తోటలు.

ఆ తోట ఇల్లాలు బుట్ట నడుముకి కట్టుకుని పళ్లు కోస్తోంది. నేనూ సాయం చేద్దామని ఒక కొమ్మ పట్టుకుని దూశాను. "అలా కాదమ్మా! ఎర్రదే కొయ్యాల" అని నా చేతిలోని పచ్చికాయల్ని చూసి నాలిక కరుచుకుంది. ఒకే కొమ్మ మీద ఎరుపు, పసుపు, పచ్చ మూడూ ఉంటాయి. పచ్చికాయ కలిసిందా, కాఫీలో వగరు దిగుతుంది. అందుకని నవంబరు నుంచి జనవరి దాకా అదే చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు రావాలి. ఈ తిరుగుడు ఎక్కువగా ఆడవాళ్లదే.

కోసిన రోజే పళ్లు యంత్రంలో వేసి తొక్క తీస్తారు. గింజకి జిగురు ఉంటుంది. అది వదలడానికి ఒక రోజు, రోజున్నర నాననిస్తారు. పిండి పులిసిందో లేదో మనం చూసుకోమూ, అలాగే వేలితో రాసి చూస్తారు. జారుడు పోయి గరగరలాడితే కడిగి ఎండబెట్టడమే. ఆరేడు కిలోల పళ్లకి ఒక్క కిలో గింజలు మిగులుతాయి. ఆ లెక్క విన్నాక డబ్బా ధర మీద నా కోపం కొంత తగ్గింది.

మరి అందరూ ఎర్రపండే ఎందుకు కొయ్యరు? అడిగాను. "సంతలో షావుకారుకి పచ్చిదైనా పండుదైనా ఒకటే రేటు. ముందే డబ్బిచ్చి ఉంటాడు. ఏరి కోసి ఏటి లాభం?" అంది. పండుకి వేరే ధర కట్టేవాళ్లొచ్చాకే ఓపికకి విలువొచ్చింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తోంది. 2000 తర్వాత నాంది ఫౌండేషన్ చిన్న రైతుల సహకార సంఘంతో కలిసి పనిచేస్తూ, రుచి చూసి మార్కులు వేసే నిపుణుల్ని కొండల మీదికి పిలిపించింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీకి దుకాణమే తెరిచారు. 2018లో అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో భౌగోళిక గుర్తింపు.

గుర్తింపు సరే, ఇల్లాలి పేరెక్కడుంది? నాకదే పట్టుకుంది. పట్టా చూపించమన్నాను. ప్లాస్టిక్ కవరులో దాచిన కాగితం తెచ్చింది. దాని మీద మొగుడూ పెళ్లాం ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలంటుంది మరి. మన పట్నాల్లో ఎన్ని ఇళ్ల కాగితాల మీద మన పేరుందో మీరే చెప్పండి. కానీ బ్యాంకు పుస్తకం సంగతి అడిగితే, "ఆయన పేరు మీదే" అని కాగితం మడిచేసింది.

ఆమె బెంగ వేరే. 2025లో అరకు మండలంలో కొన్ని తోటలకి కాయతొలిచే పురుగు పట్టింది. పట్టిన కాయలన్నీ కోయించి, మరిగే నీళ్లలో వేసి పూడ్చిపెట్టారు. కొమ్మకి మిగిలిన కాయలోనూ, నేల రాలిన కాయలోనూ ఆ పురుగు దాక్కుంటుంది. అందుకే ఇప్పుడు కోతతో పని అయిపోదు. వంగి ప్రతి కాయా ఏరాలి. "కళ్లు సరిగా ఆనడం లేదమ్మా, కూతుర్ని తోడు తెచ్చుకుంటన్నాను" అంది. ఆ పిల్ల పదో తరగతి.

ఇంటికి తీసికెళ్లి స్టీలు గ్లాసులో వేడివేడిగా ఇచ్చింది. తాగితే టీ! మా అబ్బాయి పకపకా నవ్వాడు. "మాకు చోడి అంబలి, లేపోతే టీ. కాఫీ కాసేది అమ్మడానికే" అంది సిగ్గుపడుతూ. నా సంచిలో ఉన్న ఆ బెంగళూరు డబ్బా తీసి, వాళ్ల పొయ్యి మీదే నీళ్లు కాచి, గుడ్డలో వడకట్టి ఇచ్చాను. పాలు లేవు, బెల్లం ముక్క వేశాను. ఒక గుక్క తాగి, కాసేపు ఆలోచించి అడిగింది:

"ఆ పారిస్ వాళ్లు దీన్ని పాలు పోసుకోకుండానే తాగుతారా?"

చాలామంది అలాగే తాగుతారటమ్మా అన్నాను. ఇంకో గుక్క తాగి, మిగతాది కూతురికిచ్చింది.