మీకు తెలుసా? కడుపులో చీము, నీళ్లలో మందు

అపెండిక్స్ పగిలినా, పేగుకు చిల్లు పడినా లోపలి క్రిములు కడుపులోకి పొర్లుతాయి. పెద్దపేగులోని బ్యాక్టీరియాలో అత్యధికం ఆక్సిజన్ అక్కర్లేనివే. చీముకు ఆ భరించలేని కంపు చాలావరకు వాటివల్లే.

వాటికి మెట్రోనిడజోల్ ఇస్తారు. 1962లో లండన్‌లో వేరే జబ్బుకు ఈ మందు వాడిన ఒకామెకు చిగుళ్ల వ్యాధి కూడా తగ్గిపోయింది. దంతవైద్యుడు షిన్ అది గమనించడంతోనే ఆక్సిజన్ అక్కర్లేని క్రిములను చంపే దాని గుణం బయటపడింది! ఆక్సిజన్ అక్కర్లేని క్రిమిలోకి వెళ్లాకే ఈ మందు విషంగా మారి, దాని డీఎన్ఏను తెంచేస్తుంది. మిగతా క్రిములకు జతగా సెఫ్ట్రియాక్సోనో, సిప్రోఫ్లోక్సాసినో ఎక్కిస్తారు. ఎన్ని మందులిచ్చినా సాధారణంగా చిల్లు పూడ్చాలి, చీము తీయాలి.

ఈ మందుల్లో ఒకటి నీళ్లలోనూ దొరికింది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. శుద్ధి చేశాక ఇదీ లెక్క! అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన క్రిమి మన పేగుల్లో చేరితే, ఆపరేషన్ రోజున ఆ మందు ఎక్కించినా అది చావదు.