చెల్లుబాటు వేరు, అమలు వేరు

పాలకొల్లులో ఇల్లో పొలమో వేలానికి వస్తే, ఆ ‘వేలం’ అనే మాట పోర్చుగీసు ‘లెయిలావ్’ నుండి వచ్చిందనీ, దానికి మూలం ‘ప్రకటన’ అని అర్థమిచ్చే అరబీ ‘ఇఅలామ్’ అనీ భాషావేత్తలు చెబుతారు. 1824 ఒడంబడికతో ఈ ఊరిని ఆంగ్లేయులకు విడిచేవరకు డచ్చివారికి ఇక్కడ వర్తకస్థావరం ఉండేది. ఆనాటి సముద్రవ్యాపారంలో పోర్చుగీసు నలుగురికీ తెలిసిన భాష.

స్పెయిన్, పోర్చుగల్‌ల న్యాయపరిభాషలో అరబీ జాడలు ఇంకెన్నో ఉన్నాయి. స్పానిష్‌లో పురాధ్యక్షుణ్ణి ‘అల్కాల్దే’ అంటారు. అది ‘అల్ ఖాజీ’యే. వీలునామాను నెరవేర్చే ‘అల్బసేయా’కు మూలం ‘వసీయత్’. పోర్చుగీసు అనుమతిపత్రం ‘అల్వరా’ అరబీ ‘అల్ బరాఅత్’. అయితే చెల్లుబాటును తెలిపే మాటలు మాత్రం లాటిన్‌వే. పత్రం సక్రమమైతే ‘వాలిదో’; చట్టం అమలులో ఉంటే స్పానిష్‌లో ‘విహెంతే’, పోర్చుగీసులో ‘విజెంతె’. రద్దయిన చట్టం ‘విహెంతే’ కాదు. కాని అది అమలులో ఉన్నప్పుడు దాని ప్రకారం వ్రాసిన పత్రం సాధారణంగా ‘వాలిదో’గానే నిలుస్తుంది.

తెలుగులోనూ ఈ తేడా లేకపోలేదు. ‘చెల్లు’ అచ్చతెలుగు, ‘అమలు’, ‘రద్దు’ అరబీ నుండి వచ్చాయి. చిక్కంతా ‘చెల్లదు’ దగ్గర వస్తుంది. హనఫీ ఫిఖహ్‌లో మొదటినుండీ లేనట్టిది ‘బాతిల్’, లోపం గలది ‘ఫాసిద్’, ఒకరి సమ్మతికై ఆగి ఉన్నది ‘మౌఖూఫ్’. తెలుగులో ఈ మూడింటికీ ‘చెల్లదు’ అనే ఒక్క మాటే వాడితే వారసులు నష్టపోతారు. ఆస్తిలో మూడోవంతుకు మించి వ్రాసిన వసీయత్‌నే తీసుకోండి. మించిన భాగం బాతిల్ కాదు. వసీయత్ చేసినవారు మరణించాక వారసులు ఒప్పుకుంటే అదీ నెరవేరుతుంది. ‘చెల్లదు’ అని ఎవరో అన్నారని కాగితం చింపేస్తే, ఆ సమ్మతి అడిగే అవకాశమే పోతుంది.

హిబా సంగతీ ఇంతే. 1968లో వ్రాసిన, రిజిస్టరు కాని ఒక హిబా పత్రం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. హఫీజా బీబీ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2011లో ఆ తీర్పును త్రోసిపుచ్చింది. దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనం ఈ మూడూ ఉంటే హిబా పూర్తయినట్టేననీ, దాన్ని కాగితం మీద పెట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదనీ పేర్కొంది. ఆ స్వాధీనాన్నే ఫిఖహ్‌లో ‘ఖబ్జా’ అంటారు. నేటి తెలుగు పత్రికల్లో ‘కబ్జా’ అంటే పరుల భూమిని ఆక్రమించడం!