కారు కుడికి లాగుతుంటే

సంఘ కాపరి కారు టైర్ల గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. కాని మన పాస్టరేటులలో పాత కారో, జీపో ఉన్నచోట అది ఒక్క కాపరి ప్రయాణములకే పరిమితము కాదు. రోగులు, బాలింతలు, కూడికలకు వెళ్ళే తల్లులు అందరూ ఎక్కేది ఆ బండే. దాని విషయములో నేను చేసిన పొరపాటును దాచుకొనే బదులు చెప్పడమే మేలనుకొన్నాను.

రెండేళ్ళ క్రితము అక్టోబరు నెల. పుంగనూరు ప్రాంతములో మూడు రోజులుగా విడువని వాన. రాత్రి పదకొండు దాటిన తరువాత పల్లెనుండి సంఘస్థుడొకడు మోటారు సైకిలు మీద తడిసి ముద్దయి వచ్చి తలుపు తట్టాడు. భార్యకు సాయంత్రమునుండి నొప్పులు, కాన్పు కష్టమవుతున్నది, వానకు ఫోను సిగ్నలు లేదు. “కారు తీయండి అయ్యగారూ” అన్నాడు, అంతే. సంఘపు బండి మారుతి 800. 1983లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన ఆ చిన్న కారు మన పల్లెలలో ఇంకా తిరుగుతూనే ఉన్నది. వెనుక సీటులో ఆ అమ్మాయిని, ఆమె అత్తను కూర్చోబెట్టుకొని మదనపల్లె దారి పట్టాను.

నిదానముగా నడపలేదు. పల్లె దారిలో అరవై, డెబ్బైకి తగ్గలేదు. ఒక కల్వర్టు దగ్గర నీళ్ళు నిండిన గుంత కనబడలేదు. కనబడేసరికి బ్రేకు మీద కాలు బలముగా పడినది, ఎడమ ముందు చక్రము ధడాలున దిగినది. ఆ అమ్మాయి కేక ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. ఆగలేదు. తెల్లవారక ముందే ఆపరేషను చేసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా క్షేమము, ప్రభువునకు స్తోత్రము. వేగముగా వెళ్ళినందుకు నేను చింతించడము లేదు. ఆ తరువాత చేయవలసినది చేయనందుకే చింత.

మరునాడు తిరుగు ప్రయాణములో స్టీరింగు ఒక ప్రక్కకు వంగి ఉండడము చూశాను. బండి నేరుగానే పోతున్నదిలే అని ఊరుకొన్నాను. ఇక్కడే మొదటి మోసము. మన రోడ్లు నడుమ ఎత్తుగా, నీరు జారిపోవడానికి ప్రక్కలకు వాలుగా ఉంటాయి. ఎడమ ప్రక్కన నడిచే మన బండ్లను ఆ వాలు ఎడమకే కొద్దిగా జార్చుతుంది. నా కారు కుడికి లాగుతున్నది. రోడ్డు ఎడమకు జార్చుతున్నది. రెండూ కలిసి నేరుగా పోతున్నట్టు కనిపించినది. సమముగా ఉన్న చోట చూస్తేనే అసలు సంగతి తెలిసేది. కుడి అంటే ఎదురుగా లారీలు వచ్చే వైపని వేరే చెప్పనక్కరలేదు.

నవంబరులో ముందు టైర్లు అరిగినట్టు కనిపించి ఒక పట్టణములో అలైన్‌మెంటు చేయించాను. స్టీరింగు నేరుగా వచ్చినది, సంతోషించాను. కోతపండుగ కానుకలనుండి కమిటీవారు 4,600 రూపాయలు ఇచ్చి రెండు కొత్త టైర్లు వేయించారు. కోతపండుగ కానుకలంటే మీకు తెలియనిదేమున్నది! గుమ్మడికాయలు, పావు బస్తా రాగులు, ఒక విధవరాలు తెచ్చిన కోడిపెట్ట, వాటిని వేలము వేస్తే వచ్చిన రూపాయలు. జనవరికల్లా స్టీరింగు మళ్ళీ వంగినది. మళ్ళీ అదే చోట అలైన్‌మెంటు, మళ్ళీ నాలుగు వందలు. స్టీరింగు మళ్ళీ నేరుగా వచ్చినది. ఎందుకు వంగినదని వారు చూడలేదు, నేనూ అడగలేదు.

ఈస్టరు తరువాత కుప్పములో స్త్రీల కూడిక. నలుగురు తల్లులను ఎక్కించుకొని పుంగనూరునుండి బయలుదేరాను. మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరు, వి.కోటల మీదుగా కుప్పము చేరి, అక్కడనుండి కృష్ణగిరికి పోయే ఆ రోడ్డు ఇప్పుడు 42వ నెంబరు జాతీయ రహదారి. పాత లెక్కలో 219. పలమనేరు దాటితే ఏనుగులు తిరిగే అడవి ప్రాంతము గనుక చీకటి పడక ముందే చేరాలని కాస్త తొందర కూడా ఉన్నది. వి.కోటలో టీకి ఆగాము. ప్రక్కన నిలిచిన టమాటా లారీ క్లీనరు కుర్రవాడు, పదిహేడు పద్దెనిమిదేళ్ళవాడు, నా కారు ముందు వంగి చూచి, “అయ్యగారూ, ఈ టైరు లోపల ఒకసారి చూడండి సామీ” అన్నాడు. ఎడమ టైరు బయటి వైపు పువ్వులు కొత్తవిగానే ఉన్నవి. లోపలి అంచున రబ్బరు పోయి తీగలు బయటపడినవి. ఏప్రిలు ఎండ, నిండు బరువు, ఇంకా కుప్పము వరకు ప్రయాణము. తల్లులను బస్సు ఎక్కించి, స్టెప్నీ టైరు వేసికొని, నలభై దాటకుండా వెనక్కు వచ్చాను.

నేను అన్ని నెలలు టైరును బయటినుండే చూచాను. స్టీరింగును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పితే లోపలి అంచు కనబడుతుంది. అరనిమిషము పని.

పుంగనూరులో ఒక పెద్దాయన, ముప్పై నలభై ఏళ్ళుగా అంబాసిడర్లు, జీపులు విప్పిన చేయి. భాయ్ అని పిలుస్తాము. ఆయన ఎక్కడా తొందరపడలేదు. మొదట చల్లారిన టైర్లలో గాలి కొలిచాడు. గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి, ఎక్కువైతే నడుమ అరుగుతుంది. ఒక ప్రక్క గాలి తగ్గినా బండి ఆ ప్రక్కకే లాగుతుంది. నా గాలి సరిగానే ఉన్నది. తరువాత విప్పిన టైరు మీద అరచేయి పెట్టి అడ్డముగా అటూ ఇటూ నిమిరాడు. “పట్టి చూడండి సార్.” లోపలినుండి బయటికి నిమిరితే నున్నగా ఉన్నది, బయటినుండి లోపలికి నిమిరితే రంపపు పళ్ళలా గీరినది. ముందు చక్రములు రెండూ ముందువైపు విచ్చుకొని నడిచినందుకు అది గుర్తు. దానినే టో అవుట్ అంటారు. వాడి అంచులు లోపలికి తిరిగి ఉంటే టో ఇన్ ఎక్కువైనదని అర్థము.

ఈ టో అనేది చిన్న లెక్కే గాని నష్టము పెద్దది. మా కారు టైరు ఎత్తు సుమారు 51 సెంటీమీటర్లు. రెండు చక్రముల ముందు కొలతకు, వెనుక కొలతకు మధ్య ఉండవలసినదానికంటె 3 మిల్లీమీటర్లు తేడా వస్తే, ఒక్కొక్క టైరు కిలోమీటరుకు దాదాపు 3 మీటర్లు అడ్డముగా ఈడ్చుకొని పోతున్నట్టే. నూరు కిలోమీటర్లు పోయేసరికి 300 మీటర్లు. కారును నిలబెట్టి 300 మీటర్లు ప్రక్కకు ఈడ్చితే టైరు ఏమవుతుందో ఊహించుకొనండి.

తరువాత భాయ్ కారును సమముగా ఉన్న రోడ్డు మీదికి తెచ్చి, నెమ్మదిగా పోతూ స్టీరింగు మీద చేతులు కాస్త వదులు చేశాడు. కుడికే పోయినది. ముందు టైర్లను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చాడు. లాగుడు ప్రక్క మారితే దోషము టైరులో ఉన్నట్టు, మారలేదు. చక్రముల దగ్గరికి చేయి చాపి వేడి చూచాడు; ఒక ప్రక్క బ్రేకు పట్టుకొని ఉంటే ఆ చక్రము ఎక్కువ కాలుతుంది, బండి ఆ ప్రక్కకు లాగుతుంది. అదీ కాదు. నేను పని తెలిసినవానివలె, “డెబ్బైలో స్టీరింగు కొద్దిగా వణుకుతుంది, అలైన్‌మెంటే కదా భాయ్?” అన్నాను. ఆయన నవ్వాడు. ఏదో ఒక వేగములోనే వణికితే బ్యాలెన్సు బరువులో, వంగిన రిమ్మో చూడాలి గాని అలైన్‌మెంటును అనకూడదట.

జాకీతో ముందు భాగము ఎత్తి, క్రింద స్టాండు పెట్టి, వెనుక చక్రములకు రాళ్ళు వేశాడు. ఒక్క జాకీని నమ్మి కారు క్రిందికి ఎవరూ దూరవద్దు. ఇది గట్టిగా చెప్పుచున్నాను. చక్రమును కుడి ఎడమల పట్టుకొని ఆడించాడు. ఎడమ చక్రము టకటకమన్నది. టై రాడ్ చివరి కీలు వదులైనది. పైన క్రింద పట్టుకొని కూడ ఆడించి చూచాడు. అక్కడ వదులు ఉంటే మరొకరిని బ్రేకు త్రొక్కమనాలట. త్రొక్కగానే వదులు పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింటు. నా బండికి అక్కడ వదులు లేదు.

“ఇంతేనా భాయ్?” అన్నాను. “వదులు ఒక్కటే అయితే ఒక ప్రక్క టైరే ఇంతగా పోదు సార్” అంటూ, పెట్టెలోనుండి మేస్త్రీలు గోడకు పట్టే మట్టపు గుండు తీశాడు. ఆమోసు ప్రవక్త దర్శనములో చూచిన మట్టపు గుండు గురించి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను గాని, కారు చక్రము ప్రక్కన వ్రేలాడదీయగా చూడడము అదే మొదలు. కారును సమమైన నేల మీద దించి, ముందుకు వెనుకకు కొద్దిగా దొర్లించి, దారము చక్రము ముందు వ్రేలాడదీసి, రిమ్ము పై అంచు వరకు, క్రింది అంచు వరకు స్కేలుతో కొలిచాడు. కుడి చక్రమునకు రెండు కొలతలూ దాదాపు సమానము. ఎడమ చక్రమునకు పైన 9 మిల్లీమీటర్లు ఎక్కువ. అంత చిన్న రిమ్ము మీద ఒక డిగ్రీ వాలుకు 5, 6 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే చక్రము తల డిగ్రీన్నర లోపలికి వాలి, లోపలి అంచు మీదనే నడుస్తున్నది. దీనిని క్యాంబర్ అంటారు. ఎడమ చక్రము తల లోపలికి వాలితే బండి కుడికి లాగుతుంది.

ఆ రాత్రి కల్వర్టు దెబ్బకు షాక్ అబ్జార్బరు స్ట్రట్టు వంగినది. బ్రేకు త్రొక్కినప్పుడు బండి ముక్కు క్రిందికి వంగి, స్ప్రింగు అప్పటికే సగము నొక్కుకొని ఉంటుంది. దెబ్బ తీసికొనే చోటు మిగలదు. వేగము ముందే తగ్గించి, సరిగ్గా గుంతలో దిగే క్షణమున బ్రేకు వదలాలన్నాడు భాయ్. మా కారువంటి చాలా చిన్న కార్లలో మిషను దగ్గర సరిచేయగలిగినది టో ఒక్కటే. క్యాంబర్ తప్పినదంటే ఏదో వంగినట్టే. “వంగినదాన్ని మిషను యాడ సరిచేస్తుంది సార్?” అన్నాడాయన. రెండుసార్లు నేను డబ్బు కట్టినది టోకు మాత్రమే. కీలు వదులుగా ఉన్నందున అదీ నిలువలేదు. స్ట్రట్లు రెండు ప్రక్కలా మార్చి, టై రాడ్ కీలు వేసి, అప్పుడు అలైన్‌మెంటుకు పంపాడు. సరిచేయక ముందు కొలతలు, తరువాత కొలతలు రెండూ ఉన్న కాగితము అడిగి తీసికొని రమ్మన్నాడు. మొదటి రెండుసార్లు అటువంటి కాగితము ఉంటుందనే నాకు తెలియదు.

కారు మీద వైద్యసేవ మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1909లో వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడర్ అమ్మగారికి ప్యూజో కారు వచ్చినది. దానిలో మందులు పెట్టుకొని గుడియాత్తం దారి వెంట చెట్ల క్రింద రోగులను చూచేవారు. ఎడ్లబండ్ల బాటలో ఆ చక్రములు ఎన్ని దెబ్బలు తిన్నవో! అత్యవసరమైతే మనమూ తొందరగానే వెళ్తాము, వెళ్ళాలి కూడ. అటువంటి ప్రయాణము ముగిసిన మరునాడే టైర్ల లోపలి అంచులు చూడండి, అరచేతితో నిమరండి, సమమైన చోట బండి ఎటు లాగుతున్నదో గమనించండి. స్టీరింగు ముందురోజు లేని వంకరతో ఉంటే బండిని మెకానిక్కుకు చూపక మునుపు మనుషులను ఎక్కించవద్దు.

మే నెల కమిటీలో లెక్క అప్పగించాను. టైరును కూడ తీసికొనిపోయి బల్లమీద పెట్టాను. కోడిపెట్ట ఇచ్చిన ఆ తల్లి ఆ రోజు కుప్పము ప్రయాణములో వెనుక సీటులో కూర్చున్నవారిలో ఒకరు. ఆమె తీగలను వేలితో తడిమి చూచి ఏమీ అనలేదు. సంఘపెద్దలలో తాపీ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు; ఆయన తన మట్టపు గుండు తెచ్చి డిక్కీలో జాకీ ప్రక్కన పెట్టాడు. గోడ పని ఉన్న రోజున ఉదయమే వచ్చి అడిగి తీసికొనిపోతాడు, సాయంత్రము తెచ్చి ఇస్తాడు.