అసలు బిల్లు ప్రమాదం తర్వాతే!

పదేళ్లుగా ఒక్క చలానా కూడా పడని రిటైర్డ్ మాస్టారు ఒకరు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో రెండుసార్లు దొరికి, కోర్టులో జరిమానా కట్టొచ్చిన కుర్రాడొకడు. ఇద్దరివీ ఒకే మోడల్ కార్లయితే, థర్డ్ పార్టీ బీమా రెన్యువల్‌కు ఇద్దరూ కట్టేది ఒకటే మొత్తం. 2022లో కేంద్రం నోటిఫై చేసిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, అది దాటితే 7,897. పైన జీఎస్టీ. ఇంజన్ ఎంతదో చూస్తారు, నడిపేదెవరో చూడరు.

మన కారుకు జరిగిన నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ పాలసీలో కంపెనీలకు కాస్త స్వేచ్ఛ ఉంది. అక్కడా ప్రధానంగా చూసేది బండి వయసు, మోడల్, ఊరు, పాత క్లెయిములే. క్లెయిమ్ లేకుండా గడిస్తే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా. ఉల్లంఘనలకు పాయింట్లు వేసి ప్రీమియం పెంచుదామని, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన బృందం 2021లోనే ప్రతిపాదించింది. ముందు ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాలన్నది ఆలోచన. అది దేశమంతటా అమలు దాకా రాలేదు. రావాలి. జాగ్రత్తగా నడిపేవాళ్లు నిర్లక్ష్యపరుల భారం మోయడం ఏ లెక్కన చూసినా అన్యాయమే.

అమెరికాలో వేరు. అక్కడ తాగి నడిపినట్టు తేలితే, చాలా రాష్ట్రాల్లో కనీస బీమా ఉందని ధ్రువీకరించే ఎస్‌ఆర్-22 పత్రాన్ని బీమా కంపెనీ ద్వారా దాఖలు చేయాలి. టెక్సస్‌లో దాన్ని రెండేళ్లపాటు నిలుపుకోవాలి. ప్రీమియం బాగా పెరుగుతుంది, కొన్ని కంపెనీలు పాలసీయే ఇవ్వవు. ఎవరూ ఇవ్వనివారిని ‘అసైన్డ్ రిస్క్’ పథకం కింద కంపెనీలకు పంచుతారు. చదువుకోసం డల్లాస్ వెళ్లిన మన పిల్లలకైతే ఏ తప్పూ చేయకపోయినా, అక్కడి డ్రైవింగ్ రికార్డు లేనందుకే మొదట్లో ఎక్కువ పడడం మామూలు.

అలాగని మన దగ్గర అడ్డగోలుగా నడిపేవాడికి బీమా చౌక అనుకోవద్దు. బిల్లు క్లెయిమ్ రోజున వస్తుంది. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఫుట్‌పాత్‌ను ఢీకొని ఒక పోర్షే కారు కాలిపోయింది. డ్రైవర్‌కు రక్తపరీక్షా లేదు, శ్వాసపరీక్షా లేదు. అయినా పరిస్థితులను బట్టి మత్తులో నడిపాడని తేల్చవచ్చంటూ 2021లో సుప్రీంకోర్టు బీమా కంపెనీ పక్షానే నిలిచింది. అంత ఖరీదైన బండికి దక్కింది శూన్యం.

అవతలి మనిషి చనిపోతే నష్టం ఇంకా పెద్దది. థర్డ్ పార్టీ బీమాలో ఆస్తినష్టానికి ఏడున్నర లక్షల పరిమితి ఉంది. ప్రాణానికి పరిమితి లేదు, ట్రైబ్యునల్ ఎంత తేలిస్తే అంత. నడిపినవాడికి చెల్లుబాటయ్యే లైసెన్స్ లేకపోతే, చాలా కేసుల్లో కంపెనీ ముందు బాధితులకు చెల్లించి తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకుంటుంది. 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు ఈ దారిని స్థిరపరిచింది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, తాగి నడపడం కూడా బాధ్యత తనది కాదనడానికి కంపెనీ చట్టప్రకారం చూపగల కారణాల్లో చేరింది. బాధితుల కుటుంబం రోడ్డున పడకూడదని, ముందు చెల్లించి తర్వాత వసూలు చేసుకునే ఈ పద్ధతి నూటికి నూరుపాళ్లూ సబబైనది. కానీ స్నేహితుడికి తాళాలిచ్చిన పాపానికి లక్షల రూపాయల రికవరీ నోటీసు అందుకునేది యజమానే. మైనర్‌కు ఇస్తే నోటీసుతోనూ ఆగదు. సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు.

కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లు, తరచూ బండికి గీతలు పెట్టుకునేవాళ్లు థర్డ్ పార్టీతో సరిపెట్టుకోకండి. సమగ్ర పాలసీకి జీరో డిప్రిసియేషన్ జోడిస్తే, మామూలుగా సగం ధరే వచ్చే ప్లాస్టిక్ బంపర్ల ఖర్చు కూడా దాదాపు పూర్తిగా వస్తుంది. నడిపే తీరును బట్టి ప్రీమియం తగ్గించే యాడ్-ఆన్‌లకు 2022లో అనుమతి వచ్చింది, అడిగి చూడండి. పాలసీ గడువు దాటి 90 రోజులైతే బోనస్ పోతుంది. బోనస్ శాతం అబద్ధం చెప్పి తీసుకుంటే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. అసలు పాలసీయే లేకపోతే తొలిసారి 2,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే పరిహారం మొత్తం మీ నెత్తినే.

ఈ ఆదివారం ఓ పావుగంట కేటాయించండి. పాలసీ గడువు, ఇంట్లో కారు నడిపే ప్రతివారి లైసెన్స్ గడువు చూడండి. లైసెన్స్ లేనివారికీ, తాగినవారికీ తాళాలు ఇవ్వకండి, ఎంత దగ్గరివారైనా సరే.