వంత పాడదాం... ఒంటరితనం వదిలిద్దాం!

అరవై దాటి మా ఓపీకి వచ్చేవారిలో కొందరికి షుగర్, బీపీ అదుపులోనే ఉంటాయి. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. అయినా నిద్ర పట్టదు, ఆకలి వేయదు, ఒళ్లంతా నొప్పులు. ‘ఇంట్లో ఎవరెవరు ఉంటారు?’ అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో రోజంతా వినిపించేది టీవీ గొంతు ఒక్కటే.

ఒంటరితనాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దీంతో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8.71 లక్షల మరణాలకు దీనితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెల్లడించింది. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం ముప్పు కూడా పెరుగుతుంది.

దీనికి ఒక మంచి మార్గం మన వీధి చివరి గుడిలోనే ఉంది. అదే భజన. వరంగల్, హనుమకొండ కాలనీల్లో సాయంత్రం చాప పరిచి, హార్మోనియం, డోలక్, తాళాలతో కూర్చునే బృందాలు చాలానే ఉన్నాయి. రుసుము ఉండదు, గొంతు పరీక్ష ఉండదు.

పాడితే ఏమవుతుంది?

పాడేటప్పుడు గాలిని నెమ్మదిగా, ఎక్కువసేపు వదులుతాం. దాదాపు ప్రాణాయామంలో చేసేదీ ఇదే. కలిసి పాడేవారి గుండె వేగం ఒకేలా పెరిగి తగ్గుతున్నట్టు స్వీడన్ పరిశోధకులు 2013లో గమనించారు. అంతకుమించి, వారానికోసారి మన కోసం ఎదురుచూసే నలుగురు దొరుకుతారు.

‘నాకు పాడటం రాదు డాక్టర్’ అంటారు చాలామంది. భజనలో ముందు పాడేది ఒక్కరే. మిగతావారు అందుకుంటే చాలు. కావాల్సింది గొంతు కాదు, చెవి.

కొత్తగా వెళ్తున్నారా?

• మొదటి రెండు మూడు వారాలు వెనక వరుసలో కూర్చోండి. చప్పట్లతో కలవండి.

• ముందు పాడేవారి శ్రుతిలోనే పాడండి. అందకపోతే మెల్లగా పాడండి, అరవొద్దు.

• తాళాలు పాటను మింగేయకూడదు. లయ తప్పితే కాసేపు ఆపి, విని, మళ్లీ కలవండి.

• మీ వంతు వస్తే అందరికీ తెలిసిన చిన్న పాట ఎత్తుకోండి. వద్దనుకుంటే పక్కవారికి వదిలేయండి. తప్పేం లేదు.

అమెరికాలో బాంజో, ఫిడేలుతో గుండ్రంగా కూర్చుని వాయించే బ్లూగ్రాస్ బృందాల్లోనూ ఇదే మర్యాద.

పాతవారికీ ఒక మాట. కొత్తవారికి పుస్తకం ఇచ్చి పేజీ చూపండి. తప్పును నలుగురిలో దిద్దొద్దు. ఎంతో ధైర్యం కూడగట్టుకుని వచ్చిన మనిషి, ఆ ఒక్క మాటతో మళ్లీ గడప దాటకపోవచ్చు.

జాగ్రత్తలు

మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ అడగండి. మధుమేహం ఉంటే ప్రసాదం కోసం ఆగకుండా వేళకు తినండి. స్పీకర్‌కు దూరంగా కూర్చోండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే పాట ఆపి వెంటనే వైద్యుడిని కలవాలి. భజనకు వెళ్తున్నామని మందులు మానొద్దు. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే వైద్యుడిని సంప్రదించండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు.

భజనే కానక్కర్లేదు. చర్చిలో పాటల బృందమైనా, పాత సినిమా పాటలు పాడుకునే మిత్రులైనా సరే. దూరాన ఉన్న పిల్లలు ఫోన్‌లో ‘మందులు వేసుకున్నావా అమ్మా?’ అని అడగడంతోపాటు, ‘ఈ వారం పాటకు వెళ్లావా?’ అని కూడా అడగండి.